దుకాణం నుదుట అల్యూమినియం పలక

నగరాల్లోనే కాక మండల కేంద్రాల్లోనూ దుకాణాల పేర్లు మోస్తున్న బోర్డుల్లో ఇప్పుడు తరచుగా కనిపించేది, పనివారు ‘ఏసీపీ షీటు’ అని పిలిచే అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్. చూపుకు దళసరి లోహపు పలకలా ఉన్నా, అది రెండు పలుచని అల్యూమినియం రేకుల నడుమ ప్లాస్టిక్ పొరను చేర్చి, వేడితో, ఒత్తిడితో అతికించిన మూడు పొరల పదార్థం. నడుమ ఉండేది చాలావరకు పాలిథిలీన్, అంటే సంచులకూ డబ్బాలకూ వాడే ప్లాస్టిక్కే. స్విట్జర్లాండ్‌కు చెందిన అల్యూసూయిస్ సంస్థ 1969లో ‘అల్యూకోబాండ్’ పేరుతో ఇటువంటి పలకను విపణిలోకి తెచ్చింది. భవనాల గోడలకు తొడుగుగా పేరు తెచ్చుకున్న ఆ పదార్థం బోర్డుల పనికీ అంతే అనువుగా కుదిరింది.

ఏ పలకనైనా వంచినప్పుడు ఒక వైపు ముఖం సాగుతుంది, రెండో వైపు ముఖం నొక్కుకుంటుంది, నడుమ భాగానికి పెద్దగా శ్రమ ఉండదు. అందువల్ల బలమైన లోహాన్ని రెండు ముఖాలకే పరిమితం చేసి, నడుమ తేలికైన, చవకైన పదార్థాన్ని నింపితే సరిపోతుంది. రైలు పట్టా పైనా కిందా వెడల్పుగా, నడుమ సన్నగా ఉండడంలోని సూత్రమూ ఇదే. 4 మిల్లీమీటర్ల పలకలో ఒక్కో రేకు అర మిల్లీమీటరు ఉంటే, చదరపు మీటరుకు బరువు సుమారు 5.5 కిలోలు, అంతే మందం గల నిండు అల్యూమినియం పలక 10.8 కిలోలు తూగుతుంది. ఆ రెండు రేకుల లోహాన్ని కలిపి ఒకే మిల్లీమీటరు రేకుగా చేస్తే వచ్చే బిగువు కన్నా, వాటిని ఎడంగా నిలిపినప్పుడు వచ్చే బిగువు లెక్క ప్రకారం 30 రెట్లకు పైగా ఉంటుంది. అయితే 4 మిల్లీమీటర్ల షీటు పేరుతోనే పావు మిల్లీమీటరు రేకు ఉన్నవీ, అంతకన్నా పలుచనివీ అమ్ముడవుతాయి కనుక, కొనేవారు మొత్తం మందాన్ని మాత్రమే అడిగి ఊరుకుంటే అడగవలసింది అడగనట్టే.

రంగు విషయమూ ఇటువంటిదే. రేకు చుట్టగా ఉన్నప్పుడే కర్మాగారంలో దానికి రంగు పూసి కాలుస్తారు. ఆ పూత పాలిస్టర్ రకమైతే ధర తక్కువే గాని, ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని అణుబంధాలను క్రమంగా తెంచుతాయి. కొన్నేళ్లకు బోర్డు మీద వేలు రాస్తే సుద్దలాంటి పొడి అంటుకోవడం అందువల్లే. పీవీడీఎఫ్ అనే ఫ్లోరిన్ కలిసిన పూతలో కార్బన్, ఫ్లోరిన్ పరమాణువుల బంధం గట్టిది కనుక అది ఎండకు చాలాకాలం తట్టుకుంటుంది. పడమటి ఎండను నేరుగా మోసే దుకాణానికి ఈ తేడా ముఖ్యం, నీడపట్టున ఉన్నదానికి అంతగా కాదు. మెరుపు రంగుల షీట్ల పైనున్న రక్షణ ఫిల్ము మీద బాణం గుర్తులు ఉంటాయి. వాటిని పట్టించుకోకుండా ఒక షీటును అడ్డంగా, పక్కదాన్ని నిలువుగా బిగిస్తే, ఒకే రంగు రెండు రంగులుగా కనిపిస్తుంది.

పనివారికి ఈ పలక నచ్చడానికి అసలు కారణం వంపులో ఉంది. వెనుక రేకునూ, ప్లాస్టిక్‌లో చాలా భాగాన్నీ యంత్రంతో ‘వి’ ఆకారంలో గాడి తీసి, ముందు రేకును, దానికి ఆనుకుని 0.3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌ను మాత్రం మిగిల్చితే, షీటు చేతితోనే అంచు చక్కగా తేలేలా మడతపడుతుంది. అక్షరాల దగ్గరకు వచ్చేసరికి తెలుగు లిపి కొంత పరీక్ష పెడుతుంది. వెలుగు అక్షరం గుండా రావడానికి షీటులో అక్షరాన్ని కోసినప్పుడు సున్న లోపలి బిళ్ల ఊడి పడిపోతుంది కనుక, దాన్ని వెనుక అమర్చే యాక్రిలిక్ మీద సరిగ్గా నడిమికి అతికించాలి. ఉబ్బెత్తు అక్షరాల్లోనైతే ‘ప’, ‘స’ల తలకట్లూ, కింది వత్తులూ విడి ముక్కలుగా బిగించవలసినవే, ఒక వత్తు రాలితే ‘అన్న’ కాస్తా ‘అన’గా మిగులుతుంది.

తేలికదనం అనే ఈ సుగుణమే ఒక భ్రమకూ దారి తీస్తుంది. 20 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు ఉన్న బోర్డులో షీటు బరువు 40 కిలోలు మాత్రమే కావడంతో, దాన్ని మోసే ఇనుప పైపుల ఫ్రేమును కూడా పొదుపుగా కట్టేయవచ్చనిపిస్తుంది. కాని ఫ్రేము ఓర్చుకోవలసింది షీటు బరువును కాదు, గాలి తోపును. గాలి బలానికి సంబంధించిన భారతీయ ప్రమాణం విశాఖపట్నానికి నిర్దేశించిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను అక్కడ తీరం దాటినప్పుడు వీచిన గాలులు ఇంచుమించు ఆ స్థాయివే. ఆ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువంత తోపు ఉంటుంది కనుక, పై బోర్డు మీద పడేది టన్నుకు పైమాటే. హైదరాబాదుకు మూల వేగం 44 మీటర్లే అయినా, తోపు వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అక్కడ అది ముప్పాతిక వంతు దాకా ఉంటుంది. గాలిలో ఉప్పు ఉండే తీరంలో వెల్డింగు అతుకుల దగ్గర ఫ్రేము తుప్పు పడుతున్న సంగతిని, తెల్లని షీటు మీద స్క్రూల కింద ఎర్రగా జారిన చారలు ముందుగా చెబుతాయి. వీటికి తోడు ఎండ వేడికి 8 అడుగుల షీటు 40 డిగ్రీల తేడాలో 2 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. సాగడానికి సందు వదలకుండా బిగించిన షీటు మధ్యాహ్నం పొట్టలా ఉబ్బుతుంది.

నడుమనున్న ప్లాస్టిక్ మండుతుందన్నది చాలాకాలం నిపుణుల మాటగానే ఉండిపోయింది. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మందిని బలిగొన్న అగ్నిప్రమాదంలో, మంటలు గోడల వెంట అంత వేగంగా పాకడానికి ప్రధాన కారణం పాలిథిలీన్ నింపిన ఇటువంటి తొడుగేనని విచారణ తేల్చింది. ఒకే అంతస్తు దుకాణం మీద ఒక వరుస బోర్డును ఆ భవనంతో సమానం చేయడం అతిశయోక్తి అవుతుంది; కాని ఆసుపత్రో కోచింగ్ సెంటరో నడిచే నాలుగంతస్తుల భవనం ముఖమంతా, కిటికీలతో సహా, ఈ షీటుతో మూసి, దాని వెనుక ఎల్‌ఈడీ దీపాల తీగలను అతుకులతో వదిలేయడం వేరే సంగతి. అటువంటి చోట్లకు నడుమ పొరలో ఖనిజపు పొడి ఎక్కువగా కలిపిన, ‘ఎఫ్‌ఆర్’ అని పిలిచే రకం ఉంది. అందులో వాడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ సుమారు 200 డిగ్రీలు దాటాక విచ్ఛిన్నమై నీటి ఆవిరిని విడుదల చేస్తూ మంటను అణచివేస్తుంది. కోసిన అంచున నల్లగా ఉంటే మామూలుది, బూడిద రంగులో ఉంటే ఎఫ్‌ఆర్ అని చెప్పేవారున్నారు గాని, ప్లాస్టిక్‌కు ఏ రంగైనా కలపవచ్చు కనుక అంచును చూసి రకాన్ని నిర్ణయించడం కుదరదు. ఆ షీటుకు జరిపిన అగ్ని పరీక్ష పత్రాన్ని అడిగి చూడవలసిందే.