అటక మీది రీలు పారేయకండి

నిజాంపురాలో గానీ పద్మానగర్‌లో గానీ ముప్పై నలభై ఏళ్ల కింద వచ్చి స్థిరపడ్డ ఇంట్లో అటక మీది ఇనుప పెట్టె దింపి చూడండి. పాత రేషన్ కార్డు, ఊరినుంచి వచ్చిన ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట, వాటి అడుగున ఫోటో స్టూడియో పేరు అచ్చేసిన కవరు ఉంటయి. కవరులో నెగెటివ్ ముక్కలు. కొన్ని ఇళ్లలో ఇంకొకటి కూడా దొరుకుతది: చిన్న డబ్బాలో చుట్టి పెట్టిన రీలు. ఫోటోలు తీసింది గానీ ఎన్నడూ కడిగించనిది. పెళ్లి హడావుడిలో మర్చిపోయింది కావచ్చు, కడిగించడానికి పైసలు లేక ఆపింది కావచ్చు, అడిగి తెచ్చిన కెమెరా తిరిగిచ్చేటప్పుడు తీసి దాచుకున్నది కావచ్చు.

"తాతా, ఇదేంది?" అని మనుమడు అడుగుతడు.

"పాత రీలు బిడ్డా. ఇప్పుడు ఇవి ఎవ్వరు కడుగుతలేరు. పారెయ్."

ఆ "పారెయ్" అన్న మాటకు అడ్డం పడదామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. తీసి కడగని బ్లాక్ అండ్ వైట్ రీలులో బొమ్మ ఇంకా ఉంటది. కంటికి కనబడదు, అంతే. కాలం గడిచినకొద్దీ మసక పెరుగుతది, ఎండకు, పదునుకు పాడవుతది, కానీ ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత కడిగినా మొహాలు గుర్తుపట్టేటట్టు వచ్చిన రీళ్లు ప్రపంచంలో చాలా ఉన్నయి. పోయిన తండ్రిది ఇంకో ఫోటో లేని ఇంట్లో ఆ మసక మొహమే చాలు.

ఫిల్మ్ మీది పూత జెలటిన్‌లో కలిపిన వెండి లవణం. కెమెరా నొక్కినప్పుడు రెప్పపాటు వెలుతురు తగిలిన రేణువుల్లో చిన్న మార్పు వస్తది. డెవలపర్ అనే మందునీళ్లలో ముంచితే ఆ రేణువులే నల్లటి వెండిగా మారతయి. వెలుతురు తగలనివి అట్లనే ఉండిపోతయి. వాటిని హైపో కరిగించి తీసేస్తది. మిగిలిందే నెగెటివ్. అందులో తెల్ల చొక్కా నల్లగా, నల్ల జుట్టు అద్దంలా తేటగా కనబడతయి.

ఇదేమో చదువుకున్నోళ్ల విద్య, మనకు అంటదు అనుకోకండి. ఈ సామాను మన పనికి దగ్గరి చుట్టం. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్. గుడ్డ బ్లీచింగ్ చేసినంక నూలులో మిగిలిన క్లోరిన్‌ను విరగ్గొట్టడానికి వాడేది అదే. డెవలపర్ పనిని టక్కున ఆపడానికి వేసే అసెటిక్ యాసిడ్ డైయింగ్ పనిలో రోజూ చూసేదే. వెండి లవణాలను హైపో కరిగిస్తదని జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు 1819లోనే కనిపెట్టాడు. అప్పటికి ఫోటో అన్నదే లేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1839లో, తీసిన బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టుడెట్ల అని అందరూ తల పట్టుకున్నప్పుడు ఆ పాత సంగతి పనికొచ్చింది.

ఒక కాలంలో మన దేశంలోనే ఫిల్మ్ తయారయ్యేది. ఊటీలో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే కేంద్ర ప్రభుత్వ కంపెనీని 1960లో పెట్టారు. 1967 నుంచి ఉత్పత్తి మొదలైంది. 'ఇందు' పేరుతో ఫిల్మ్, కాగితం అమ్మేవారు. చేతిలో ఉండే కెమెరా చాలామందికి ఆగ్ఫా క్లిక్-త్రీ. 120 సైజు రీలు వేస్తే పన్నెండు ఫోటోలు. పన్నెండంటే పన్నెండే, అందుకే పెళ్లిలో పెద్దలందరినీ ఒక్క వరుసలో నిలబెట్టి ఒకే నొక్కు నొక్కేవారు. స్టూడియోలో కడిగిస్తే అయ్యే ఖర్చు తప్పించుకోవడానికి, కొంత పిచ్చికొద్దీ, ఇంట్లోనే కడుక్కున్నవాళ్లు ప్రతి పట్నంలో ఉండేవారు. కానీ మగ్గాల ఊళ్లో ఈ పని చేయాలంటే మూడు గండాలు దాటాలి. పుస్తకాల్లో ఇవి సరిగ్గా ఉండవు.

మొదటిది వేడి. ఏ పుస్తకం చూసినా డెవలపర్ 20 డిగ్రీలు ఉండాలంటది. ఊటీలో అయితే నల్లా విప్పితే సరిపోతదేమో. భివండిలో మే నెలలో ట్యాంకు నీళ్లు 30 దాటుతయి. ఆ వేడిలో జెలటిన్ ఉబ్బి మెత్తబడుతది, గోరు తగిలితే లేచొస్తది. మందు కూడా తొందరపడుతది. ఐదు నిమిషాల లోపల పని అయిపోయేటట్టుంటే నలుపు అన్నిచోట్లా సమంగా రాదు, చారలు పడతయి. దీనికి పాత స్టూడియోల మందు ఐసు గడ్డ. ఐసును డెవలపర్‌లో వేయొద్దు, పలచనైపోతది. పెద్ద తొట్టిలో ఐసునీళ్లు పోసి, అందులో మందు సీసాలు నిలబెట్టాలి. కుండనీళ్లు చాలవా అంటే, కరీంనగర్ ఎండలో కుండ బాగా చల్లబడుతది. అక్కడి గాలి పొడి. ఇక్కడ సముద్రం దగ్గర, ఒంటి మీది చెమటే ఆరదు, కుండ చెమట ఏం ఆరుతది? ఇంకొక జాగ్రత్త: డెవలపర్ చల్లగా, కడిగే నీళ్లు వెచ్చగా ఉండొద్దు. తేడా ఎక్కువైతే పూత ఎండిన చెరువులా నెర్రెలిస్తది. అన్ని సీసాలూ, కడిగే నీళ్లూ ఒకే తొట్టిలో పెట్టుకుంటే ఆ బాధ లేదు.

రెండోది దూది నూగు. లూమ్ ఖాతాలో పన్నెండు గంటల పాళీ చేసి వచ్చినోళ్ల తల మీద, బట్టల మీద, ఖోలీ దూలాల మీద అది ఉండనే ఉంటది. తడి ఫిల్మ్ బంక లాంటిది. దాని మీద వాలిన పోగు ఆరినంక అక్కడే పాతుకుపోతది. ప్రింటులో పెళ్లికూతురు చెంప మీద తెల్ల దారమై తేలుతది. అందుకే ఫిల్మ్‌ను ఇంటి మధ్యలో దండెం మీద వేయొద్దు. స్నానాల గదిలో వేడినీళ్లు గుమ్మరించి ఆవిరి పట్టిస్తే నూగు కిందికి దిగుతది. తర్వాత పైన క్లిప్పు, కింద బరువుకు ఇంకో క్లిప్పు పెట్టి వేలాడదీసి, తలుపు మూసి, ఆరేదాకా ఎవ్వరినీ లోపలికి పోనీయొద్దు. ఒక్క స్నానాల గది ఉన్న ఇంట్లో ఇది ఎంత కష్టమో నాకు తెలుసు.

మూడోది అదురు. గోడ అవతల మగ్గాలు ఆడుతుంటే నేల, బల్ల, బల్ల మీది గ్లాసులో నీళ్లు, అన్నీ వణుకుతయి. ఫిల్మ్ కడగడానికి దీంతో నష్టం లేదు. ప్రింటు వేసేటప్పుడు ఉంది. ఎన్‌లార్జర్ కింద కాగితం పెట్టి పది పదిహేను సెకండ్లు వెలుతురు ఇస్తుంటే, పైన నెగెటివ్, కింద కాగితం వేర్వేరుగా అదిరి బొమ్మ చెదురుతది. మగ్గాలు ఆగేదాకా చూద్దామంటే, కరెంటు పోయినప్పుడు అవి ఆగుతయి, అప్పుడు ఎన్‌లార్జర్ బల్బు కూడా వెలగదు! దీనికి తేలికైన విరుగుడు కాంటాక్ట్ ప్రింటు. కాగితం మీద నెగెటివ్ పెట్టి, పైన గాజుపలక అదిమి వెలుతురు చూపిస్తే సరి. అదిరినా రెండూ కలిసే అదురుతయి, గీత చెదరదు. 120 రీలు నెగెటివ్ ఆరు సెంటీమీటర్లు ఉంటది కాబట్టి ఆ సైజులోనే మొహం తెలుస్తది.

ఇక చీకటి. సినిమాల్లో ఎర్ర బల్బు కింద ఫోటో తేలుతుంటే చూస్తం. ఆ ఎర్ర బల్బు ప్రింటు కాగితానికి పనికొస్తది. మామూలు ఫిల్మ్‌కు పనికిరాదు, అది ఎరుపును కూడా చూస్తది. ఆ తేడా తెలియక ఎర్ర బల్బు కింద రీలు విప్పితే మొత్తం నల్లబడుతది. రీలు డబ్బాలోకి ఎక్కించేదాకా చెయ్యి కనబడని చీకటి కావాలి. రాత్రిపూట, కిటికీకి రజాయి కట్టి, తలుపు కింది సందులో గుడ్డ కుక్కి చేయొచ్చు. వెలుతురు చొరని ప్లాస్టిక్ డబ్బా, లోపల చుట్టల గాడి ఉన్న చక్రం దొరుకుతయి. చక్రం పూర్తిగా ఆరి ఉండాలి, వానాకాలంలో చేతి చెమట తగిలినా ఫిల్మ్ మధ్యలో ఇరుక్కుంటది. మూత బిగిసినంక దీపం వేసుకోవచ్చు, మిగతా పనంతా వెలుతురులోనే.

డెవలపర్లలో పేరుపడ్డది డి-76. కోడాక్ కంపెనీ 1927లో బయటపెట్టింది. దాని లెక్క రహస్యం కాదు: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. వేన్నీళ్లలో ఒకటి కరిగినంక ఒకటి ఇదే వరుసలో వేసి, చల్లారనిచ్చి వాడాలి. 20 డిగ్రీల దగ్గర ఫిల్మ్‌ను బట్టి ఏడు నుంచి పది నిమిషాలు. నిమిషానికోసారి డబ్బాను నాలుగుసార్లు తలకిందులు చేయాలి. తర్వాత డెవలపర్ పారబోసి అసెటిక్ యాసిడ్ చుక్కలు కలిపిన నీళ్లు అర నిమిషం, ఆ తర్వాత హైపో. హైపో నీళ్లకు లీటరుకు పావుకిలో హైపో, 25 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్. హైపో పలుకులు కరిగేటప్పుడు గిన్నె చల్లబడుతది, ఎండాకాలంలో ఈ పనిలో దొరికే సుఖం అదొక్కటే. ఫిల్మ్ మీది పాల తెలుపు పోయి తేటపడ్డదాకా ఎంతసేపు పడితే దానికి రెట్టింపు సేపు ఉంచాలి.

చివరి కడుగుడుకు పుస్తకాలు అరగంట పారే నీళ్లు అంటయి. నల్లా గంటసేపు వచ్చే వాడలో అది కుదరదు. ఇల్ఫోర్డ్ కంపెనీ చెప్పిన పద్ధతి మనకు నయం: డబ్బా నింపి ఐదుసార్లు తిప్పి పారబోయాలి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. మామూలు హైపో అయితే ఇంకో రెండు మూడు నీళ్లు మార్చాలి. లీటరు, రెండు లీటర్లలో పని అయిపోతది.

మెటాల్ కొందరి చేతులకు పడదు, దురద పుడుతది. రబ్బరు తొడుగులు వేసుకోండి. వంటగిన్నెలు వాడొద్దు. కలిపిన సీసాల మీద పేరు రాసి పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి, హైపో నీళ్లు చూడ్డానికి మంచినీళ్లలాగే ఉంటయి. వాడిన హైపోలో వెండి ఉంటది, గట్టర్లో పోయొద్దు. వెండి తీసేవాళ్లు దాన్ని కొనేవారు కూడా.

ఈ మందులేవీ దొరకకపోతే కాఫీ పొడితో కూడా కడగొచ్చు. నవ్వులాట కాదు. అమెరికాలో రాచెస్టర్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో స్కాట్ విలియమ్స్ అనే ఆచార్యుడు, ఆయన విద్యార్థులు 1995లో చేసి చూపించారు. తర్వాత జనం దానికి విటమిన్-సి కలిపి మెరుగు చేశారు. లీటరుకు నీరు లేని వాషింగ్ సోడా 54 గ్రాములు, విటమిన్-సి పొడి 16, ఇన్‌స్టంట్ కాఫీ 40. 20 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు. కాఫీలో చికోరీ కలవొద్దు. వాసన మాత్రం చెప్పలేను, ఇంటోళ్లతో మాట పడతరు. హైపో మాత్రం దీనికీ కావాలి.

అయితే అటక మీది రీలుతోనే మొదలుపెట్టకండి. ముందు కొత్త రీలు ఒకటి కొని, వాడలో పిల్లల ఫోటోలు తీసి, అది కడిగి చెయ్యి కుదుర్చుకోండి. అప్పటికీ పాతది ముట్టుకోవాలంటే గుండె దడదడలాడుతది, ఆడాలి కూడా. 35 ఎంఎం రీలైతే చివర నాలుగు వేళ్ల ముక్క చీకట్లో కత్తిరించి ముందు అదొక్కటి కడిగి చూడొచ్చు. ఒకటో రెండో ఫోటోలు పోతయి, మిగతావి దక్కుతయి. పాత కలర్ రీలు అయితే అసలు పద్ధతికి డెవలపర్ 38 డిగ్రీలు అటూఇటూ కదలకుండా ఉండాలి, సమయం మూడుంబావు నిమిషాలు. ఇంట్లో కష్టం. ఇరవై ఏళ్లు దాటిన రీలులో రంగులు ఎట్లాగూ నమ్మకం లేదు కాబట్టి, బ్లాక్ అండ్ వైట్ మందులోనే కడగడం మేలని నా సలహా. కలర్ ఫిల్మ్‌లో కూడా మొదట బొమ్మ పడేది వెండి మీదే. రంగు రాదు, ఫిల్మ్ నారింజ ఛాయలో ఉండిపోతది, మనిషి మాత్రం వస్తడు.

కడిగిన నెగెటివ్‌లు ఉన్నవాళ్లు ప్రింటు ఉంది కదా అని వాటిని పారేయొద్దు. అసలు అదే, ప్రింటు నకలు. ఆరో నిజాం కాలపు హైదరాబాద్‌ను ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు మిగలడం వల్లనే. అవి ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నయి. మన నెగెటివ్‌లకు శత్రువు వానాకాలం. జెలటిన్ మీద బూజు పడుతది. వేడికి, పదునుకు ఫిల్మ్ అట్ట కూడా కుళ్లుతది, పెట్టె తెరవంగనే సిర్కా వాసన వస్తే అది మొదలైనట్టే. అట్లాంటివి మిగతావాటి నుంచి వేరుచేసి, వెంటనే నకలు తీసుకోండి. ఫోనులో తెల్ల తెర వెలిగించి, దానికి కొంచెం ఎడంగా నెగెటివ్ పట్టి, ఇంకో ఫోనుతో దగ్గరగా తీసి, రంగులు తిరగేస్తే మొహం తేలుతది.

కామ్వారీ పొంగి ఇంట్లోకి నీళ్లొచ్చి నెగెటివ్‌లు తడిస్తే చాలామంది ఎండలో పెడతరు. అట్ల చేస్తే ఒకదానికొకటి అతుక్కుపోతయి, ఇక విడవు. ఆరనీయకుండా చల్లటి మంచినీళ్ల బకెట్లోనే ఉంచి, ఒకటి రెండు రోజుల్లోపల నీళ్లలోనే మెల్లగా విడదీసి, కడిగి, ఒక్కొక్కటి వేలాడదీయాలి. ఆరినంక ప్లాస్టిక్ సంచిలో కాదు, కాగితం కవర్లో పెట్టండి. కవరులో పెట్టకముందే దాని మీద పెన్సిల్‌తో ఎవరిది, ఏ ఊళ్లో, ఏ ఏడు అని రాయండి. పెన్ను సిరా పదునుకు పాకుతది.