మీకు తెలుసా? ఎస్.జి. వాసుదేవ్ చిత్రకళ, కళాసేవ
1941లో మైసూరులో జన్మించి, మద్రాసు చిత్రకళాశాలలో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ వద్ద చిత్రకళ అభ్యసించిన ఎస్.జి. వాసుదేవ్, 1966లో మద్రాసు శివారున వెలసిన కళాకారుల గ్రామం చోళమండలం స్థాపకులలో ఒకరు. చిత్రాలు కొనేవారు అరుదైన ఆ రోజుల్లో అక్కడి కళాకారులు బాతిక్, అంటే మైనం పూసి బట్టకు రంగులద్దే పని, వంటి చేతిపనులతో పొట్టపోసుకుంటూనే తమ చిత్రరచన సాగించారు. కంటికి కనిపించే రూపానికి బదులు రంగుతో, గీతతో భావాన్ని పలికించే నైరూప్య కళకు చేరువైనా, ఆయన చిత్రాల నుంచి చెట్టూ మనిషీ పూర్తిగా తొలగిపోలేదు. 'వృక్ష' చిత్రశ్రేణి, రాగిరేకుపై ఉబ్బెత్తు చిత్రాలు, నేతగానితో కలిసి రూపొందించిన పట్టు నేతచిత్రాలు ఇందుకు తార్కాణం. చిత్రకారిణి అయిన భార్య అర్నవాజ్ 1988లో మరణించాక ఆమె పేరిట ఏర్పడిన ధర్మసంస్థ కళావిద్యార్థులకు ఉపకార వేతనాలిస్తుండగా, ఎంతో అవసరమైన మరో పనిని, అంటే చిత్రాన్ని ఎలా చూడాలో సామాన్యులకు తెలియజెప్పడాన్ని, బెంగళూరులో 'అనన్య దృశ్య' ప్రసంగాల ద్వారా ఆయన చేపట్టారు.