ఆటలో అరటిపండు

ఆటల పీరియడు గంట కొట్టగానే చాలా బడుల్లో ఒక వుద్యోగం ఖాళీ అవుతుంది. అది చెప్పుల కాపలా వుద్యోగం. పిల్లలంతా చెప్పులూ, పుస్తకాల సంచులూ చెట్టుకింద పడేసి మైదానంలోకి పరుగు తీస్తారు. కాలు సరిగా లేని కుర్రవాడో, చూపు ఆనని పిల్లో వాటి పక్కన కూర్చుంటారు. దరఖాస్తు అక్కరలేదు, జీతం లేదు, పదో తరగతి పూర్తయ్యేదాకా బదిలీ కూడా లేదు!

నేను ముప్పయ్యేళ్ళు డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. యీ వుద్యోగాన్ని రద్దు చెయ్యడానికి డబ్బుకంటె ముందుచూపు యెక్కువ కావాలని నా అనుభవం.

ముందుగా ఒక సంగతి. యిది మాస్టర్ల దయాదాక్షిణ్యాలకు వదిలిన విషయం కాదు. ప్రభుత్వ నిధులో, గుర్తింపో పొందిన బడుల్లో యిలాంటి పిల్లలకు చదువుతోపాటు ఆటపాటల్లోనూ తక్కినవారితో సమానంగా అవకాశం వుండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 16వ సెక్షనులో చెబుతున్నది.

మరి పని యెక్కడ మొదలుపెట్టాలి? జూన్‌లో బడి తెరిచిన వారంలోనే. అడగవలసిన మొదటి మనిషి ఆ పిల్లవాడే. "నీకేం చేతకాదురా?" అని కాదు, "నీకేం వచ్చురా?" అని అడగాలి. తరువాత తల్లిదండ్రుల్ని, అవసరమైతే డాక్టర్నీ అడగాలి. డౌన్ సిండ్రోమ్ వున్న పిల్లల్లో కొందరికి మెడ యెముకల కీలు వదులుగా వుంటుంది. డాక్టరు సరేననందే వాళ్ళచేత పిల్లిమొగ్గలు వేయించకూడదు. యిటువంటివి కాగితంమీద రాసి పెట్టుకోవాలి.

ఆ తరువాత యే ఆటనైనా నాలుగు ముక్కలుగా చూసుకోవాలి: చోటు, పని, సామాను, మనుషులు. వీటిలో యేదో ఒకటి కాస్త మారిస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది.

చూపులేనివారి క్రికెట్‌నే చూడండి. బంతిలో గుళ్ళు గలగలమంటాయి. బంతి చేతికిందినుంచి, నేలమీదుగా వస్తుంది. పదకొండుగురిలో కనీసం నలుగురు బొత్తిగా చూపులేనివారు వుండాలి. వారు బ్యాటుతో తీసే పరుగులు రెట్టింపుగా లెక్కకొస్తాయి. బడిలో అంత సరంజామా లేదా? మామూలు బంతిని గరగరలాడే ప్లాస్టిక్ సంచిలో కట్టండి, మోగుతుంది. గీతలమీద పురికొస పరిచి పైన టేపు అంటించండి, పాదానికి తెలుస్తుంది. వినపడని పిల్లకు యీలతోపాటు జెండా వూపండి. ఒక్కసారిగా నాలుగు మాటలు బుర్రకెక్కని వాడికి ఒక్కొక్కటే చెప్పి, చేసి చూపించండి.

కూర్చుని ఆడే వాలీబాల్ వుంది. 1956లో నెదర్లాండ్స్‌లో పుట్టిన ఆట. మగవారికి వల యెత్తు 1.15 మీటర్లే. తరగతి మొత్తాన్నీ నేలమీద కూర్చోబెట్టి ఆడించి చూడండి. పరుగు పందెంలో బహుమతులు కొట్టే వీరులు అంగుళం జరగలేక ఆపసోపాలు పడతారు. చేతుల బలంమీదే తిరగడం నేర్చినవాడు వాళ్ళ మధ్య దర్జాగా బంతి కొడతాడు!

అయితే చెప్పుల కాపలాకంటె యింకో ప్రమాదం వుంది. మన పిల్లలు చంటివాణ్ణి ఆటలో చేర్చుకుని, "వాడు ఆటలో అరటిపండు" అంటారు కదా! వాడు ఔటవడు, వాడి పరుగూ లెక్కకు రాదు. జాలితో చేర్చుకున్న పిల్లవాడికి యిదే గతి పడుతుంది. అందుకని మార్చిన నియమాన్ని ఆటకు ముందే అందరికీ చెప్పాలి. ఆట మొదలయ్యాక మాత్రం యెవరికీ మినహాయింపు వుండకూడదు. తోడుండే పిల్లవాణ్ణి వారం వారం మార్చాలి. లేకపోతే వాడికి ఆట పోతుంది, వీడికి మొహమాటం మిగులుతుంది.

ఒక తల్లి యేటా నా పేర వుత్తరం పంపేది, "మావాణ్ణి ఆటలకు పంపకండి, పడిపోతాడు" అని. ఆవిడ భయం నాకు తెలుసు. "అమ్మా, మోకాలు గీరుకోకుండా పెద్దవాడైన మగపిల్లవాణ్ణి యెక్కడైనా చూశారా? ఒక్క నెల నాకు వదలండి" అన్నాను. మూడో వారంలో ఆవిడే బడికి వచ్చింది. "మాస్టారూ, నిన్న యేడుస్తూ యింటికొచ్చాడండీ. అందరికంటె ముందు ఔటయ్యాడట!" అంది. నేను సంజాయిషీ చెప్పబోతుంటే ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఆడనివాడు ఔటెలా అవుతాడు మాస్టారూ? రేపూ ఆడించండి" అంది.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి సంగతి మీరు వినే వుంటారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో, బుద్ధి వికాసంలో వెనుకబాటున్నవారి 400 మీటర్ల పరుగును 55.82 సెకన్లలో ముగించి కంచు పతకం తెచ్చింది. ప్రతి పిల్లా దీప్తి కానక్కరలేదు. కాని యే పిల్ల యెంతవరకు పరుగెత్తగలదో చెట్టుకింద కూర్చోబెడితే తెలియదు.

యీసారి బడికి వెళ్ళినప్పుడు మీవాడి మార్కులు అడిగాక యింకో ప్రశ్న కూడా అడగండి: "మాస్టారూ, మావాడి తరగతిలో ఆటల పీరియడులో కూర్చుండిపోయేవాళ్ళు యెవరు?" పదిమంది తల్లిదండ్రులు అడిగితే, పదకొండోవారు వచ్చేసరికి జవాబు మారుతుంది.