బరువెత్తేది చేతులైతే పొట్టకేం పని?

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల్లో కొబ్బరికాయల బస్తా ఎత్తే మనిషిని పక్కనుంచి గమనించండి. ఎత్తే ముందు గాలి పీల్చి, పొట్ట బిగిస్తాడు. ఎందుకు?

పక్కటెముకలకూ కటి ఎముకకూ నడుమ, ముందువైపు ఎముకల్లేవు. వెనక వెన్నెముక ఒక్కటే ఆధారం. పొట్ట కండరాల్లో అన్నిటికన్నా లోపలిది నడుముకు బిగించిన తువ్వాలులా చుట్టుకుని ఉంటుంది. అది బిగుసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, వెన్ను వంగిపోకుండా నిలుస్తుంది. కాళ్ల బలం చేతులదాకా చేరేది అప్పుడే.

మన జిల్లా ఆమదాలవలస ప్రాంతపు వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆవిడే. బార్ తలపైకి వెళ్లిన క్షణంలో నడుము సడలితే ఆ బరువు నిలవదు.

మరి ఆ బలం ఎలా వస్తుంది? ప్లాంక్‌తో మొదలుపెట్టండి. బోర్లా పడుకుని మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని లేపండి. తల నుంచి మడమ దాకా ఒకే గీత. ఊపిరి బిగబట్టొద్దు. మొదట 15 సెకన్లు చాలు. నడుము కిందికి జారితే ఆపేయండి. అలసిన కండరపు పోగులు విశ్రాంతిలోనే మందమవుతాయి, అందుకే రోజు విడిచి రోజు చేయండి. కండరం పెరగడానికి పప్పు, గుడ్డు, చేప తినండి. ప్లాంక్‌తో పొట్ట కొవ్వు అక్కడికక్కడ కరిగిపోతుందనుకోవడం మాత్రం పొరపాటు.

వ్యాయామంతో ఒళ్లు నొప్పులని సొంతంగా మాత్రలు వేసుకోకండి. నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటు చేయొచ్చు. కిడ్నీ జబ్బుతో ఇన్ని కుటుంబాలు నలుగుతున్న ఉద్దానంలో ఈ మాట ఇంటింటా చెప్పాలి. కొత్త వ్యాయామంతో వచ్చే నొప్పి సాధారణంగా కొద్ది రోజుల్లో దానంతటదే పోతుంది. పోకపోతే డాక్టరుకు చూపించండి.