గాలికి ఒకే దారి

ఇంట్లో బీరు తయారుచేసుకునే అలవాటు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ బాగా వ్యాపించింది. బ్రిటన్‌లో ఇందుకు లైసెన్సు పొందాలనే నిబంధన 1963లో తొలగింది. అమెరికాలో అధ్యక్షుడు కార్టర్ 1978లో సంతకం చేసిన చట్టం మరుసటి ఏడాది నుంచి దీనికి వీలు కల్పించింది. మన దేశంలో చాలా రాష్ట్రాలలో అనుమతి లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం. అయినా ఆ ఔత్సాహికుల పాత్ర మూత మీద అమర్చే ఒక చిన్న గొట్టం కథ, పులిసే పదార్థాల స్వభావం తెలుసుకోదలచిన వారెవరికైనా ఆసక్తి కలిగిస్తుంది.

ఎయిర్‌లాక్ అనే ఆ గొట్టం వంపులు తిరిగి ఉంటుంది. వంపులో రెండు చెంచాల నీళ్లు నిలుస్తాయి. లోపలి వాయువు ఆ నీటిని తోసుకుని బుడగలై బయటపడుతుంది. బయటి గాలి మాత్రం నీటిని దాటి లోపలికి రాలేదు.

ఇంత చిన్న పనికి అంత ప్రాముఖ్యం ఎందుకు? ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను తిని, దాదాపు చెరిసగంగా ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ తయారుచేస్తుంది. కిలో చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు 250 లీటర్ల వాయువు వెలువడుతుంది. ఇళ్లలో వాడే 23 లీటర్ల పాత్రలో రెండు కిలోల చక్కెర పులిసిందనుకుంటే, పాత్రకు 20 రెట్లకు మించిన వాయువు పుట్టిందన్నమాట! దానికి దారి ఇవ్వకుండా బిగిస్తే ప్లాస్టిక్ బకెట్టు మూత ఎగిరిపోతుంది. గాజు పాత్ర పగిలి పెంకులు చిమ్మవచ్చు.

అలాగని తెరిచి ఉంచితే మరో ముప్పు. గాలిలోని ప్రాణవాయువు అండతో కొన్ని సూక్ష్మజీవులు ఆల్కహాలును పుల్లని వెనిగర్‌గా మార్చివేస్తాయి. వాటిని మోసుకువచ్చే చిన్న ఈగలకు పులిసిన వాసన ఆహ్వానం వంటిది. బీరు చెడడానికి కారణం పరాయి సూక్ష్మజీవులేనని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1876లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. అంతకు పూర్వమే ఆయన హంస మెడలా వంచిన గొట్టం గల కుప్పెలలో రసాలను మరిగించి ఉంచాడు. ధూళి వంపులోనే చిక్కుకున్నందువల్ల అవి చెడలేదు.

మరి ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పలకరాతి తొట్లలో, పైన మూత లేకుండానే బీరు పులియబెట్టే పద్ధతి ఎలా నిలిచింది? మొదటి రోజులలో దట్టమైన నురుగు, ఎడతెగక పైకి వచ్చే వాయువు, ఈ రెండే మూత పని చేస్తాయి. అందుకే ఆ కొద్ది రోజులు ఇంటి పాత్రకు వదులు మూత, లేదా మన పచ్చడి జాడీకి కట్టే వాసెన వంటి శుభ్రమైన గుడ్డ సరిపోతుంది. పైగా ఆ దశలో సన్నని ఎయిర్‌లాక్ నురుగుతో పూడుకుపోయే ప్రమాదం ఉంది. కొందరు దానికి బదులు వెడల్పాటి గొట్టం అమర్చి, రెండో కొసను నీళ్ల బకెట్టులో ముంచుతారు. నురుగు అణగి, వాయువు తగ్గినప్పుడే ఎయిర్‌లాక్ అవసరం నిజంగా మొదలవుతుంది. చలికి లోపలి వాయువు కుంచించుకుంటే గొట్టంలోని నీరు పాత్రలోకి జారవచ్చు గనుక కాచి చల్లార్చిన నీటినే పోయడం మేలు.

అయితే బుడగలను గుడ్డిగా నమ్మరాదు. మూత అంచున సందుంటే, లోపల పులుస్తూ ఉన్నా బుడగ రాదు. ఎండ వేడికి ద్రవంలో కరిగి ఉన్న వాయువు వెలువడితే, పులియడం ముగిసినా బుడగలు వస్తాయి. బుడగలు ఆగాయని తొందరపడి సీసాలలో నింపి బిరడా బిగిస్తే, మిగిలిన చక్కెర అక్కడ పులుస్తుంది. ఆ సీసాకు దారి లేదు. అది పేలితే కన్నుపోవచ్చు. అందువల్ల అనుభవజ్ఞులు ద్రవ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరును ఆశ్రయిస్తారు. వరుసగా రెండు మూడు రోజులు అంకె మారకుండా నిలిస్తే, అదీ ముందున్న అంచనాకు దగ్గరగా ఉంటే, పని పూర్తయిందని గుర్తు.

మూత కాపలా కాస్తుంది గాని సాక్ష్యం చెప్పదు. లోపల ఏమి జరుగుతున్నదో తెలియాలంటే కొలిచి చూడవలసిందే.