చైనా జలుబు మూలికలు: ధర పెంచేది చలి కాదు, భయం

చలికాలం వస్తే చైనాలో జలుబు మూలికలకు గిరాకీ పుంజుకోవడం ఏటా వున్నదే. అయితే ఈ సరకు ధరలను ఒక్కసారిగా పైకెత్తేది చలి కాదు, భయం.

జలుబు మందులలో ముఖ్యమైన సరకులు మూడు. మొదటిది హనీసకిల్ మొగ్గ. తెల్లగా పూచి పసుపుకు తిరుగుతుంది గనుక చైనీయులు దీన్ని 'బంగారు వెండి పువ్వు' అంటారు. రెండవది ఫార్సితియా కాయ. మూడవది బన్‌లాన్‌గెన్ అనే వేరు. మొదటి రెండింటికి అతిమధురం, పుదీనా జాతి ఆకు వగైరా చేర్చి చేసే 'యిన్ చియావో' మందు గొంతునొప్పి, జ్వరంతో వచ్చే జలుబుకు వాడుకలో వున్నది. ఊ జూతుంగ్ అనే వైద్యుడు 1798 నాటి తన గ్రంథంలో దీన్ని చేర్చాడు.

అన్హుయ్ రాష్ట్రంలోని బోజౌ, హెబెయ్ రాష్ట్రంలోని అంగువో పేరుపొందిన మూలికల మార్కెట్లు. హనీసకిల్ షాన్‌డాంగ్, హెనాన్ రాష్ట్రాలలో విరివిగా పండుతుంది. మొగ్గ విచ్చక ముందే చేత్తో కోయాలి. విచ్చిన పూలు కలిస్తే రకం తగ్గి, ధర పడిపోతుంది. కోత కూలి రైతుకు పెద్ద ఖర్చు.

2003లో సార్స్ వ్యాపించినప్పుడు జనం బన్‌లాన్‌గెన్ కోసం ఎగబడ్డారు. 2020 జనవరి 31 రాత్రి, హనీసకిల్, ఫార్సితియా కలిసిన 'షువాంగ్ హువాంగ్ లియాన్' ద్రవం కరోనా వైరస్‌ను అణచగలదని వార్త వెలువడింది. అర్ధరాత్రే మందుల షాపుల ముందు క్యూలు కట్టారు. అణచడం వేరు, నివారించడం వేరని మర్నాడే హెచ్చరిక వచ్చింది. అప్పటికే సరకు ఖాళీ!

చిక్కు ఆ తర్వాతనే. బన్‌లాన్‌గెన్ వసంతంలో విత్తితే శరదృతువుకు తవ్వకానికి వస్తుంది. ధర చూసి అందరూ విత్తితే, సరకు వచ్చేనాటికి భయం తగ్గి బేరం మందగిస్తుంది. హనీసకిల్ పొద మంచి దిగుబడి ఇవ్వడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అందులో చిక్కుకున్న రైతుకు తప్పుకునే దారి లేదు. ఫార్సితియాకు మరో బెడద: ధర హెచ్చితే పోటీపడి లేతకాయలనే కోసేస్తారు, రకం చెడుతుంది. ధర చూసి పంట వేసి కోతనాటికి నష్టపోవడం మన పసుపు, మిర్చి రైతులకూ తెలిసిన సంగతే.

ఇక గుణం మాటకు వస్తే, ఈ మూలికలు జలుబును త్వరగా తగ్గిస్తాయనడానికి గట్టి రుజువు లేదు. జరిగిన పరీక్షలలో చాలావరకు నాణ్యత తక్కువవే. జలుబు మందు వేసినా వేయకపోయినా వారం పది రోజులలో సాధారణంగా తగ్గిపోతుంది. వదంతి నమ్మి నాటిన రైతు అప్పు మాత్రం అంత త్వరగా తీరదు.