కెంపుకు ఎరుపు ఎక్కడిది?

మన సరిహద్దు పల్లెలలో ఎందరో పిల్లలు ఇంట తెలుగు, బడిలో కన్నడం మాట్లాడుతూ పెరుగుతారు. కన్నడంలో ‘కెంపు’ అంటే ఎరుపు రంగు. తెలుగింట ‘కెంపు’ అనగానే ముందుగా తలపుకు వచ్చేది కమ్మలలో పొదిగిన ఎర్రరాయి. ఒక భాషలో రంగుకు, మరొక భాషలో రాయికి అదే పేరు స్థిరపడింది. అయితే ఆ రాయికి ఆ రంగు సొంతమా, అరువా అని అడిగితే రసాయనశాస్త్రం అరువే అంటుంది.

ఈ విషయం వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. ఆ మధ్య మా బడిలో చదివే ఒక బాలిక తల్లి తన కమ్మలు కొంగున ముడివేసుకుని వచ్చారు. “సారూ, ఇవి రాళ్లా, గాజు ముక్కలా? మీరైనా నిజం చెప్పండి” అన్నారు. పెద్దమ్మాయి పెండ్లి ఖర్చులకు ఆ కమ్మలు కుదువ పెట్టబోతే, అవి తయారీ రాళ్లనీ, వాటికి విలువ కట్టబోమనీ చెప్పారట. కొన్నచోట మాత్రం గని కెంపులని నమ్మబలికి, ధర కూడా ఆ లెక్కనే తీసుకున్నారు. రసీదులో ఉన్నది ‘కమ్మలు ఒక జత’ అన్న మాట మాత్రమే. పరీక్ష చేయించగా తేలినది ఇది: ఆ రాళ్లు గాజు కావు, రసాయనికంగా అవి కెంపులే, కానీ భూమిలో పుట్టినవి కావు. ఈ మూడు మాటలూ ఒకదానితో ఒకటి ఎట్లా పొసగుతాయో తెలియాలంటే రాయి లోపలి కథ తెలుసుకోవాలి.

కురువిందం – కెంపు

కెంపుకు మూలపదార్థం కురువిందం. ఇంగ్లీషులోని ‘కోరండం’ అనే మాట తమిళుల ‘కురుందం’ నుంచి వెళ్లినదే. కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో ఈ ఖనిజం దొరికే చోట్లు ఉన్నవి. వజ్రం తరువాత చెప్పుకోదగిన కాఠిన్యం కలది కనుక సానపట్టడానికి పూర్వం నుంచి వాడుతున్నారు. ఇది అల్యూమినియం ఆక్సైడ్, అనగా అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి ఏర్పడిన పదార్థం. పూర్తిగా శుద్ధమైన కురువింద స్ఫటికానికి ఏ రంగూ లేదు. నీటిబొట్టు వలె తెల్లగా ఉంటుంది.

స్ఫటికంలోని పరమాణువులు బంతి భోజనాలలో కూర్చున్నవారి వలె వరుస తప్పక ఉంటాయి. ఆ వరుసలో సుమారు నూరుమంది అల్యూమినియంలలో ఒకరిని లేపి, అక్కడ క్రోమియంను కూర్చోబెడితే రాయి ఎర్రబడుతుంది. అంతకంటె తక్కువైతే లేత గులాబి రంగు వస్తుంది. ఇట్లా కావలసిన పరమాణువును కావలసిన మోతాదులో చేర్చడాన్ని డోపింగ్ అంటారు. మన పాఠ్యపుస్తకాలలో దీని పేరు మాదీకరణం.

క్రోమియం పరమాణువు అల్యూమినియం కంటె కొంచెం పెద్దది. ఇరుకు చోటులో కూర్చున్నందున చుట్టూ ఉన్న ఆక్సిజన్లు దానిని ఒత్తుతాయి. ఆ ఒత్తిడిలో అది వెలుగులోని ఊదా, పసుపుపచ్చ–ఆకుపచ్చ భాగాలను పీల్చుకుని, ఎరుపును విడిచిపెడుతుంది. అంతేకాక పీల్చుకున్న వెలుగులో కొంత తిరిగి ఎర్రని కాంతిగా వెదజల్లుతుంది. మంచి కెంపు నిప్పుకణిక వలె కనిపించడానికి కారణం ఇదే. 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ లోకంలోని మొదటి లేజర్‌ను వెలిగించినది ఇటువంటి కెంపు కడ్డీతోనే.

ఇందులో ఒక వింత ఉన్నది. అదే క్రోమియం తన సొంత ఆక్సైడ్‌లో ఆకుపచ్చగా ఉంటుంది. రంగుల పరిశ్రమలో దానిని ఆకుపచ్చ రంగుగానే వాడుతారు. సొంత ఇంట చోటు విశాలం కనుక అక్కడ ఒత్తిడి తక్కువ, పీల్చుకునే వెలుగు వేరు. చేర్చిన పదార్థం ఒక్కటే రంగును నిర్ణయించదు. అది కూర్చున్న చోటు కూడా నిర్ణయిస్తుంది. అదే కురువిందంలో క్రోమియంకు బదులు ఇనుము, టైటానియం రెండూ కొద్దికొద్దిగా చేరితే నీలమణి అవుతుంది. టైటానియం ఒక్కటే చేరితే ఆ నీలం రాదు.

అమెరికన్ డైమండ్ అమెరికాది కాదు

ఆ కమ్మలలోనే కెంపుల చుట్టూ తెల్లగా మెరిసే చిన్న రాళ్లు ఉన్నవి. అంగడిలో వాటిని అమెరికన్ డైమండ్లు, ఏ.డి. రాళ్లు అంటారు. ఇవి అమెరికావి కావు, వజ్రాలూ కావు. ఇవి జిర్కోనియం ఆక్సైడ్ స్ఫటికాలు. 1970 దశకంలో వీటిని పెద్ద ఎత్తున తయారుచేసే పద్ధతిని రూపొందించినది సోవియట్ రష్యాలోని లెబెదెవ్ సంస్థ శాస్త్రజ్ఞులు.

జిర్కోనియం ఆక్సైడ్‌తో ఒక చిక్కు ఉన్నది. మిక్కిలి వేడిలో దాని పరమాణువులు చక్కని ఘనాకారంలో అమరుతాయి. చల్లారేటప్పుడు ఆ అమరిక మారిపోతుంది. సుమారు 1170 డిగ్రీల దిగువకు వచ్చేసరికి పదార్థం 4–5 శాతం ఉబ్బి, పగుళ్లు పడుతుంది. దీనికి విరుగుడు ఇట్రియం అనే లోహపు ఆక్సైడ్‌ను తగు పాళ్లలో కలపడం.

ఇక్కడ ఇచ్చిపుచ్చుకోవడాల లెక్క ఒకటి చూడాలి. ఆక్సైడ్లలో లోహం ఎలక్ట్రాన్లను ఇస్తుంది, ఒక్కొక్క ఆక్సిజన్ రెండేసి పుచ్చుకుంటుంది. జిర్కోనియం నాలుగు ఇస్తుంది. ఇట్రియం మూడే ఇస్తుంది. రెండు జిర్కోనియంల చోట రెండు ఇట్రియంలు చేరితే ఎనిమిదికి ఆరే వస్తాయి. తక్కువైన రెండు ఒక ఆక్సిజన్ వాటా. కనుక ఒక ఆక్సిజన్ చోటు ఖాళీగా మిగులుతుంది. ఈ ఖాళీల వలన జిర్కోనియం చుట్టూ ఇరుకు తగ్గి, ఘనాకారపు అమరిక చల్లారినా నిలుస్తుంది. రాయి పగలదు.

ఆ ఖాళీ చోట్లు మరొక పనికీ వస్తాయి. బాగా వేడెక్కినప్పుడు పక్కనున్న ఆక్సిజన్ ఖాళీలోకి జరుగుతుంది, దాని చోటు ఖాళీ అవుతుంది, ఆ చోటుకు ఇంకొకటి వస్తుంది. ఇట్లా ఆక్సిజన్ ఘనపదార్థం గుండా నడిచిపోతుంది. కార్ల పొగగొట్టంలోను, 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నిబంధనలు అమలైన తరువాత వచ్చిన ఎన్నో మోటారుసైకిళ్ల పొగగొట్టంలోను ఉండే ఆక్సిజన్ సెన్సర్ ఈ గుణంపైనే సాధారణంగా ఆధారపడుతుంది. పంటి వైద్యులు వేసే తెల్లని జిర్కోనియా తొడుగు కూడా ఈ కుటుంబానిదే. దానిలో ఇట్రియం పాలు తక్కువగా ఉంచుతారు. అందుచేత పగులు మొదలైన చోట పదార్థం ఉబ్బి, ఆ పగులును నొక్కిపెడుతుంది. రాయిని పగలగొట్టే ఉబ్బే మోతాదు మారినప్పుడు పంటిని కాపాడుతున్నది.

చేతిలోని ఫోను

లెక్కలో తక్కువ ఇచ్చేవారు చేరితే ఏమవుతుందో చూశాము. ఎక్కువ ఇచ్చేవారు చేరితే? సెల్‌ఫోను అద్దం లోపల సామాన్యంగా ఇండియం ఆక్సైడ్ పొర ఉంటుంది. దాని మందం తలవెంట్రుకలో నూరోవంతు కూడా ఉండదు. ఇండియం మూడు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. దానిలో పదోవంతు వరకు తగరపు ఆక్సైడ్‌ను కలుపుతారు. తగరం నాలుగు ఇస్తుంది. పుచ్చుకునేవారు లేక మిగిలిన ఎలక్ట్రాన్ పొరలో స్వేచ్ఛగా తిరుగుతుంది. కనుక ఆ పొర గాజు వలె పారదర్శకంగా ఉంటూనే తీగ వలె విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. మన వేలు ఎక్కడ తాకినదో ఫోనుకు తెలిసేది దాని వలననే. తగరం హద్దు మీరితే ఎలక్ట్రాన్ల దారికి అదే అడ్డుపడి, ప్రవాహం తగ్గుతుంది.

సమానంగా ఇచ్చే క్రోమియం రంగు తెచ్చినది. తక్కువ ఇచ్చే ఇట్రియం ఖాళీ చోట్లు తెచ్చినది. ఎక్కువ ఇచ్చే తగరం విద్యుత్తును తెచ్చినది. పాలలో నీళ్లు కలిపితే దానిని కల్తీ అంటాము. ఇక్కడ పదార్థానికి ఉపయోగం తెచ్చినది కలిపిన చిటికెడే.

మరి ఆ తల్లి కమ్మల సంగతి?

1902లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త ఆగుస్త్ వెర్న్యూయి కెంపులను తయారుచేసే పద్ధతిని ప్రకటించారు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిలో కొంచెం క్రోమియం ఆక్సైడ్ కలిపి, 2000 డిగ్రీలు దాటిన మంట గుండా జారవిడుస్తారు. కరిగిన బొట్లు ఒకదానిపై ఒకటి పేరుకుని, కొన్ని గంటలలో స్ఫటికంగా ఎదుగుతాయి. అందులోని క్రోమియం గని కెంపులోని క్రోమియం వలెనే ఎరుపునిస్తుంది. కనుక రంగు చూసి, గీకి చూసి తేడా కనిపెట్టలేము. పరీక్షశాలలో సూక్ష్మదర్శిని కింద మాత్రం తెలుస్తుంది. మంటలో పెరిగిన రాయిలో వంపు తిరిగిన గీతలు, గుండ్రని గాలిబుడగలు కనిపిస్తాయి. భూమిలో పెరిగిన రాయిలో గీతలు నిటారుగా, కోణాలుగా ఉంటాయి.

ఆ తల్లికి ఈ సంగతంతా చెప్పాను. “అయితే నా రాళ్లు దొంగవి కావు, అమ్మిన మాటే దొంగది” అన్నారామె. నిజమే. తయారీ కెంపు ధరించడంలో తక్కువేమీ లేదు. దానికి గని కెంపు ధర చెల్లించడమే నష్టం. కనుక కొనేటప్పుడు మూడు జాగ్రత్తలు పాటించాలి. హాల్‌మార్కు ముద్ర బంగారపు స్వచ్ఛతను చెబుతుందే కాని రాయి సంగతి చెప్పదు. రాళ్ల బరువును బంగారపు బరువులో కలపకుండా వేరుగా వ్రాయించుకోవాలి. రాయి గనిదా, తయారీదా అన్నది రసీదులో ఉండాలి. పెద్ద ధర చెల్లిస్తున్నప్పుడు రత్నపరీక్షశాల ధ్రువపత్రం కూడా అడగాలి.

పెద్దమ్మాయి పెండ్లి జరిగినది. పెండ్లికూతురి చెవులకు ఆ కమ్మలే ఉన్నవి.